బియ్యం వరుసలో రెండో బేరం

కిందటి వారం సనోబర్‌ని ఓష్ బజారులో, బియ్యం వరుసలో, అందరూ తనవైపే చూస్తూ ఎవరూ పలకరించని ఆ ఘడియలో వదిలి వచ్చాం. దారిన పోయేవాళ్ళకి అందులో వింతేమీ కనబడదు. ఒక కోడలు పిల్ల మూడు బస్తాల బియ్యం అమ్ముకుంది, అంతే కదా. వరుసలో కూర్చునే ఆడవాళ్ళకి మాత్రం అది పక్కింటి పొయ్యిలో నీళ్ళు పోసినట్టే.

ఆ వరుసకి ఒక పద్ధతి ఉంది. పొద్దున తనకు బోణీ అయిపోతే, రెండో బేరానికి వచ్చిన మనిషిని ఇంకా బోణీ కాని పక్కామె దగ్గరికి పంపాలి. "నాకయింది, ఆమెకింకా కాలేదు, అక్కడ తీసుకోండి" అనాలి. ఎవరూ కూర్చుని పెట్టిన నియమం కాదు, అయినా ఎవరూ తప్పరు. ఆ పొద్దున ఒక ముసలాయన కిలో బియ్యం కొని సనోబర్‌కి బోణీ చేశాడు. ఆ వెనకే పెళ్ళి పలావులకి పేరుమోసిన వంటమేస్త్రి తుర్గున్ ఉస్తా వచ్చి, ఆమెకీ, పక్కనున్న హోసియత్ ఓపాకీ మధ్య నిలబడ్డాడు. ఓపా అంటే అక్క. ఓపాకి ఇంకా బోణీ కాలేదు. సనోబర్ ఆమెవైపు చూడలేదు. కిలోకి పది సోమ్‌లు తగ్గించి చెప్పి, మూడు బస్తాలు ఆయనకి ఖాయం చేసేసింది. సాయంత్రం బండి పంపిస్తానని ఉస్తా వెళ్ళిపోయాడు. వరుసలో మాటలు ఆగిపోయాయి.

ఎందుకలా చేసిందో ఆమెకు తెలుసు. చంటిది రోబియాకి వారం దాటినా దగ్గు తగ్గలేదు. మొగుడు ఇల్హామ్‌ది దారుల మీద రాళ్ళు పరిచే పని, మంచు పడితే అది ఆగిపోతుంది. ఇంటికి ఆధారం ఈ అరుగు మీద చోటు ఒక్కటే. అది కూడా ఇంకా తన పేరున లేదు. అత్తగారు ముకద్దస్‌కి మోకాళ్ళు పట్టేశాక, వసంతం నుంచీ ఆవిడ బదులు తను కూర్చుంటోంది. వచ్చే శుక్రవారం ఆ చోటు అత్త పేరు నుంచి కోడలి పేరుకి మారాలి. మారాలంటే ఇరుపక్కల కూర్చునేవాళ్ళు అవుననాలి. ఒక పక్క, వరుస చివరన, తోజిఖాన్. రెండో పక్క హోసియత్ ఓపా.

ఆ హోసియత్ ఓపా ఇప్పుడు లేచింది.

లేవడమంటే మామూలుగా కాదు. ముందు బస్తా మూతి మీద గుడ్డ కప్పింది. కాటా మీది పళ్ళేన్ని బోర్లించింది. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ వెనక్కి ముడేసుకుంది. ఎత్తు మనిషి, లావు మనిషి, నవ్వితే పైవరస బంగారు పళ్ళు మెరుస్తాయి. ఇప్పుడు నవ్వడం లేదు. సనోబర్ ఎదురుగా వచ్చి నిలబడింది.

"పిల్లకి దగ్గు తగ్గిందా?"

తిట్లకి సిద్ధపడి తల దించుకున్న సనోబర్ తలెత్తింది. "లేదు ఓపా. పడుకుంటే ఎక్కువవుతోంది."

"బిహిదానా గింజలు నానబెట్టి ఆ నీళ్ళు పట్టించు. చక్కెర వెయ్యకు. లే, నాతో రా."

"ఎక్కడికి?"

"తిట్టడానికి. ఇక్కడ తిడితే జనం మూగుతారు, కొనేవాళ్ళకి దారి ఉండదు."

తోజిఖాన్ కిసుక్కున నవ్వింది. చిన్న మొహం, సన్నటి పెదాలు, ఎప్పుడూ ఒక పొద్దుతిరుగుడు గింజ పళ్ళ మధ్య ఉంటుంది. "చెవులు రెండూ భద్రంగా తీసుకెళ్ళు కోడలా. తిరిగొచ్చేటప్పటికి ఒకటైనా మిగిలితే అదృష్టం."

"తోజిఖాన్, నువ్వు మా ఇద్దరి అరుగులూ చూస్తుండు," అంది ఓపా. "నా బియ్యం నా ధరకే అమ్ము. ఈమె బియ్యం కూడా నా ధరకే అమ్ము."

"మరి నా బియ్యం?"

"నీ బియ్యం ఎవరైనా కొంటే అది బజారంతా చెప్పుకునే విశేషం."

వరుసంతా నవ్వింది. ఇప్పటిదాకా బిగుసుకుని ఉన్న గాలి కాస్త సడలింది. తోజిఖాన్ కూడా నవ్వి, పొట్టు ఉమ్మేసింది.

*

కారెట్ల వరుస దాటారు, కత్తుల వరుస దాటారు. ఓపా తిట్టడం మొదలుపెట్టలేదు. ఎదురైన ప్రతివాళ్ళూ సలాం చెబుతున్నారు, ఆమె అందరినీ పేరు పెట్టి పలకరిస్తోంది. ఒకడిని వాడి ఆవు ఈనిందా అని అడిగింది. ఒకామెను కూతురి పెళ్ళికి ఎవరు వండుతున్నారని అడిగింది. ఆ జవాబు వినడానికి మాత్రం ఆగింది. సనోబర్ గమనించింది: వంటవాడి పేరు, ఎంతమందికి, ఏ వారం. ఆవు గురించి ఊరికే అడిగింది. ఇది ఊరికే కాదు.

"నీకు పోటీ ఎవరు?" అంది ఓపా నడుస్తూనే.

సనోబర్ తడబడింది. "మీరే ఓపా."

"చాలా సంతోషం. మీ అత్త మంచమెక్కినప్పటి నుంచీ ఈ మాట నాతో ఎవరూ అనలేదు." నిజంగానే సంతోషపడినట్టు బంగారు పళ్ళు మెరిశాయి. "ఆ ముకద్దస్ ఉందే, నా బియ్యం కిందటేటివని ఎలుగెత్తి అరిచేది. దాని బియ్యంలో రాళ్ళున్నాయని నేనరిచేదాన్ని. పక్క ఊళ్ళవాళ్ళు మా మాటలు వినడానికే వచ్చి, విన్నందుకు సిగ్గుపడి తలా రెండు కిలోలు కొనుక్కుపోయేవాళ్ళు. మీ ఇల్హామ్ పుట్టినప్పుడు నలభై రోజులూ దాని బియ్యం నేనే అమ్మాను. దాని ధరకి. ఒక్క గింజ నా బస్తాలో కలవలేదు."

"మా అత్తగారు ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు."

"ఎందుకు చెబుతుంది? చెబితే నన్ను తిట్టడానికి నోరు వస్తుందా?"

గేటు దగ్గరికి వచ్చేశారు. అక్కడ ఎండాకాలంలో తెరిచిన పెద్ద కొట్టు ఉంది. ముందువైపంతా అద్దాలే కాబట్టి బజారులో అందరూ దాన్ని అద్దాల కొట్టు అనే అంటారు. ఓపా తన సొంత ఇంట్లోకి వెళ్ళినట్టు తలుపు తోసుకుని వెళ్ళింది. లోపల వెలుతురు, చల్లదనం, శుభ్రం. ఆకుపచ్చ సంచుల్లో బియ్యం గోడంతా పేర్చి ఉన్నాయి. మన ఉజ్గెన్ ఎర్ర బియ్యం కాదు, ఎక్కడినుంచో ఓడల్లో వచ్చిన సన్నటి తెల్ల బియ్యం. చెయ్యి పెట్టి చూడ్డానికి లేదు, నోట్లో వేసుకుని కొరకడానికి లేదు.

ఒక కొత్త పెళ్ళికూతురు, ఇంకా చేతుల గోరింట పోలేదు, ఒక సంచి బుట్టలో వేసుకుంటోంది.

"పలావుకా అమ్మా?" అంది ఓపా.

"అయ్యో, దీంతో పలావేంటి ఓపా, ముద్దయిపోతుంది. పాలల్లో ఉడికించడానికి. మామగారికి పళ్ళు లేవు."

"మరి పలావు?"

"గురువారం మాత్రమే. మిగతా రోజులు లగ్మాన్ నూడుల్స్, చారు, ఏదో ఒకటి. రోజూ పలావంటే ఎర్ర బియ్యం ధర తట్టుకోవద్దూ?"

"వర్ధిల్లు తల్లీ," అని ఓపా ఆమెను పంపించేసి సనోబర్‌వైపు తిరిగింది. "విన్నావా? ఈ పిల్ల నా దగ్గర కొనలేదు, నీ దగ్గరా కొనలేదు. మనకి పోటీ పిండి వరుసలో కూర్చున్నాడు, నూడుల్స్ సాగదీసుకుంటూ. నువ్వు పదేమిటి, యాభై తగ్గించినా ఈ పిల్ల బుధవారం పలావు వండదు."

సనోబర్ ఆ సంచుల గోడవైపు చూసింది. వసంతం నుంచీ తను చూస్తున్నది ఒక్కటే: పక్క అరుగు మీద కాటా ఎన్నిసార్లు ఊగుతోంది అని. మెడ తిప్పకుండానే లెక్కపెట్టుకునేది. ఇంతమంది ఇంటికి వెళ్ళే దారిలో ఇన్ని చోట్ల ఆగుతున్నారని, వాళ్ళు ఆగే ప్రతి చోటూ తనకి పోటీయేనని ఎప్పుడూ అనుకోలేదు.

"మా కొట్టు అదృష్టం," అన్న గొంతు వినబడింది. కొట్టు మేనేజరు షావ్కత్. ఇస్త్రీ చొక్కా, అత్తరు వాసన. గుండె మీద చెయ్యి పెట్టుకుని ఓపాకి సలాం చేశాడు. తర్వాత సనోబర్‌వైపు తిరిగి, "సనోబర్ గారూ, పాపకి ఎలా ఉంది?" అన్నాడు.

ఓపా తలుపువైపు నడిచింది. బయటికి వచ్చి, వీధి చివరిదాకా నడిచాక మాత్రం అడిగింది. "వాడికి నీ పేరెలా తెలుసు?"

సనోబర్ మొహం వేడెక్కింది. "కిందటి వారం పిలిచి టీ ఇచ్చారు. మీ అత్తగారి చోటు మాకిచ్చేయండి, జీతం ఇచ్చి మిమ్మల్నే కూర్చోబెడతాం అన్నారు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు ఒక సలహా ఇచ్చారు."

"ఏమని?"

"పక్కవాళ్ళకంటే పది తగ్గించండి, అందరూ మీ దగ్గరికే వస్తారు, ఇది లెక్క, అన్నారు."

"వాడు తన సంచి మీద ఎంత తగ్గించాడు?"

సనోబర్ ఆలోచించింది. "ఏమీ తగ్గించలేదు."

"అంత మంచి లెక్క ఇంట్లో పెట్టుకుని వాడుకోకుండా నీకెందుకు ఇచ్చాడు?"

వీధిలో గాడిదబండి ఒకటి ఖర్బూజాలతో వెళుతోంది. అది దాటిపోయేదాకా ఇద్దరూ గోడకి ఆనుకుని నిలబడ్డారు. బండి వెళ్ళిపోయేసరికి సనోబర్‌కి ఆ లెక్క అర్థమై కళ్ళు నిండాయి. తను పది తగ్గిస్తే ఓపా రేపు ఇరవై తగ్గించాలి. తోజిఖాన్ ముప్ఫై. వరుసంతా ఒకరి గొంతు ఒకరు పట్టుకుంటే, అద్దాల వెనకాల కూర్చుని ఆ మనిషి టీ తాగుతూ చూస్తాడు. అందరూ అలిసిపోయాక చోట్లు ఒక్కొక్కటే అడుగుతాడు.

"ఏడవకు," అంది ఓపా. "వాడు తెలివైనవాడు. నాకు వాడంటే గౌరవం. నేనే వాడి చోట్లో ఉంటే ఇంకా ముందే మొదలుపెట్టేదాన్ని."

*

తుర్గున్ ఉస్తా చాయ్‌ఖానాలో, ఏటి మీదికి వేసిన బల్లమంచం మీద కూర్చుని రొట్టె తుంచుకుంటున్నాడు. వీళ్ళిద్దరినీ చూసి పక్కకి జరిగాడు. "ఎవరు ఎవర్ని కొట్టడానికి వచ్చారు?"

"ఇంకా తేలలేదు ఉస్తా," అంది ఓపా, బూట్లు విప్పి పైకెక్కుతూ. "ఈ పిల్ల దగ్గర ఎందుకు కొన్నారో చెబితే ఆ తర్వాత చూద్దాం."

"చౌకగా ఇచ్చింది, కొన్నాను."

"ధర కోసమే వచ్చారా వరుసకి?"

ఉస్తా పియాలాలో టీ తిప్పాడు. ఆయన వేళ్ళు నూనెకీ మంటకీ నల్లబడి, చెట్టు వేళ్ళలా ఉన్నాయి. "ధర కోసమైతే అద్దాల కొట్టువాడు నాకు బస్తాకింత అని చేతిలో పెడతానంటున్నాడు. ఇద్దరు వంటవాళ్ళు పుచ్చుకుంటున్నారు కూడా. నేను వరుసకి ఎందుకొస్తానంటే, అక్కడ మీరు పక్కపక్కన కూర్చుంటారు. ఇక్కడో గుప్పెడు, అక్కడో గుప్పెడు అరచేతిలో నలిపి చూస్తాను. ఒకామె తడి బియ్యం ఇస్తే పక్కామె దగ్గుతుంది. ఎవరూ నోరు విప్పక్కర్లేదు, ఆ దగ్గు చాలు. నాకు కావలసింది ఆ దగ్గు. సంచికి పక్కన ఎవరుంటారు?"

"మరి ఇవాళ నేను దగ్గలేదుగా," అంది ఓపా.

"అదే నాకు నచ్చలేదు." ఆయన సనోబర్‌వైపు చూశాడు. చూపులో కోపం లేదు, అంతకంటే బరువైనదేదో ఉంది. "కోడలా, నా కుర్రతనంలో ఇంకో ఊరి వరుసలో కొనేవాణ్ణి. అక్కడా ఇలాగే మొదలైంది. ఒకామె తగ్గించింది, పక్కామె ఇంకా తగ్గించింది. తగ్గించిన ధరకి అసలు బియ్యం రాదు కదా. మామూలు బియ్యానికి ఇటుక పొడి పట్టించి ఎర్ర బియ్యమన్నారు. ఒక పెళ్ళిలో నా డేగిసా అడుగున ఎర్ర బురద పేరుకుంది. వియ్యాలవారు నిలబడి చూస్తుండగా. ఆ వరుసకి మళ్ళీ నేను వెళ్ళలేదు, ఎవరూ వెళ్ళలేదు. ఇప్పుడు అక్కడ ప్లాస్టిక్ చెప్పులు అమ్ముతున్నారు. పద్ధతి తప్పి నాకు మూడు బస్తాలు అమ్మావు. నేను పుచ్చుకున్నాను, ఎందుకంటే నేనూ మనిషినే. కానీ ఇటు వస్తూ అనుకున్నాను, వచ్చే పెళ్ళికి ఇంకెక్కడైనా చూసుకోవాలేమో అని."

సనోబర్ ఓపావైపు చూసింది. ఓపా ఈ మాటకి ఆశ్చర్యపోలేదు. అంటే ఆయన ఏం చెబుతాడో తెలిసే తీసుకొచ్చింది. వరుసలో నిలబెట్టి తిట్టి ఉంటే సనోబర్ ఆ తిట్లని మొహం కడుక్కున్నట్టు కడిగేసుకునేది. ఈ మాటలు కడిగితే పోవు.

"కొత్త పంట వచ్చే వారం దిగుతుంది," అని ఓపా ఆమెకి టీ పోసింది, సగమే, అక్కడ గౌరవించే మనిషికి పోసే పద్ధతిలో. "ఉజ్గెన్ మిల్లువాడి దగ్గరికి మనమంతా కలిసి వెళితే వాడు లేచి నిలబడతాడు. విడివిడిగా వెళితే మనం నిలబడాలి. నీకు నా కాటా ఒక్కటే కనబడుతోంది కోడలా. నాకు మిల్లువాడు కనబడతాడు, ఈ ఉస్తా కనబడతాడు, ఆ అద్దాల అబ్బాయి, గురువారం తప్ప పలావు వండని ఆ కొత్త పెళ్ళికూతురు, అందరూ కనబడతారు. ఇంతమంది ఉండగా మనం ఒకరి పీక ఒకరం పట్టుకుంటే వాళ్ళకి పని తగ్గించినట్టే. రోజూ నీతో పోట్లాడతాను, భయపడకు. నీ కొనుగోలుదారుల్ని లాక్కుంటాను కూడా. కానీ వరుస ఉంటేనే కదా లాక్కోవడానికి."

ఇంత పెద్ద బజారుని ఒక మనిషి ఇలా అరచేతిలో పెట్టుకుని చూడగలదని సనోబర్‌కి తెలియదు. పొద్దున్నే వచ్చి, బస్తా విప్పి, అరిచి, అమ్మి, పోట్లాడి ఇంటికి పోయే మనిషే అనుకుంది. ఎనిమిదో తరగతితో బడి మానిపించినప్పుడు, ఇంక తనకి ఎవరూ ఏమీ నేర్పరని ఒక మూల కూర్చుని ఏడ్చింది తను. ఇలాంటి బడి ఒకటి పక్క అరుగు మీదే ఉంటే ఇన్ని నెలలు కాటా ఊగడం లెక్కపెడుతూ గడిపేసింది.

ఆమె పియాలా కింద పెట్టింది.

"ఉస్తా, ఆ మూడు బస్తాలూ ఇంకా నా అరుగు వెనకే ఉన్నాయి. వాటిని వదిలేయండి. ఓపాకి ఇంకా బోణీ కాలేదు. ఆమె బియ్యం తీసుకోండి, ఆమె ధరకే."

ఉస్తా కనుబొమలెత్తాడు. "ఎక్కువ ధరకి కొనుక్కోమని నన్నే బతిమాలుతున్నావా?"

"అవును."

ఆయన ఓపావైపు, మళ్ళీ సనోబర్‌వైపు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. "సరే. కానీ పెళ్ళికి ముందురోజు కారెట్లు తరగడానికి మీరిద్దరూ రావాలి. ఒకరికొకరు ఎదురుగా కూర్చుని. ఆ సరదా నాకు కావాలి."

ఓపా లేచింది. బూట్లు తొడుక్కుంటూ వంగి, ఎవరికీ కనబడకుండా తలగుడ్డ కొసతో కళ్ళు తుడుచుకుంది. సనోబర్ చూసింది. శుక్రవారం అవునంటారా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆ ప్రశ్న ఇప్పుడు అడిగితే మూడు బస్తాలకి వెల అడిగినట్టవుతుంది.

*

వరుస దగ్గరికి వచ్చేసరికి సనోబర్‌కి ముందుగా వినబడింది రోబియా దగ్గు.

పరుగెత్తింది. అత్తగారు ముకద్దస్ అరుగు ముందు, మూటలు మోసే తోపుడుబండి మీద కూర్చుని ఉంది. మంచం దిగలేని మనిషి. ఒళ్ళో చంటిది, శాలువాలో చుట్టి.

"అమ్మా, మీరెలా వచ్చారు? పిల్లని ఈ గాలిలో..."

"కబురొచ్చింది." ముకద్దస్ కోడలి మొహం చూడలేదు. "నువ్వు పద్ధతి తప్పావట. హోసియత్ శుక్రవారం కాదనబోతోందట. ఆమె కాదంటే చోటు ఊరికే పోతుంది. పోయేలోపు ఇచ్చేశాను. నాలుగు సోమ్‌లు చేతికొస్తే పిల్లని డాక్టరుకైనా చూపించుకుంటాం."

"ఎవరికిచ్చావు?" అంది ఓపా, మెల్లగా.

"ఆ అద్దాల కొట్టువాడికి కాదులే. వాడు ఇంటికొస్తే తలుపే తియ్యలేదు. వరుసలో మనిషికే ఇచ్చాను. అందరి ముందూ చేతిలో చెయ్యి వేశాను."

అప్పుడు చూశారిద్దరూ. సనోబర్ చోటులో, సనోబర్ చాప మీద తోజిఖాన్ కూర్చుని ఉంది. చోటు చేతులు మారితే సొంత బస్తాలు వేసుకుని కూర్చోవాలి, అప్పుడే అది ఖాయమవుతుంది. తోజిఖాన్ తన బస్తాలన్నీ చకచకా ఇటు జరిపించేసుకుంది. సనోబర్ బస్తాలు వెనక గోడకి చేరవేసి ఉన్నాయి.

"కబురు పంపింది నువ్వేనా?" అంది ఓపా.

"నేనే." గింజ ఒకటి పటుక్కుమంది. "ఇన్నేళ్ళూ నీ నోట నేనొక నవ్వులాట ఓపా. నవ్వేదాన్ని నేను కూడా. అలవాటైపోయింది."

"శుక్రవారం పక్కవాళ్ళని అడగాలి కదా," అంది సనోబర్.

"అది కొత్త మనిషి వస్తే. వరుసలో మనిషి వరుసలోనే జరిగితే ఎవర్నీ అడగక్కర్లేదు. అబద్ధమైతే మీ ఓపానే చెప్పమను."

హోసియత్ ఓపా నోరు విప్పలేదు. అంటే అది నిజం. మిల్లువాణ్ణీ, వంటవాళ్ళనీ, అద్దాల వెనక మనిషినీ అందరినీ లెక్కలోకి తీసుకున్న ఆమె, పక్కనే కూర్చుని పొట్టు ఉమ్మే మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. తనే స్వయంగా రెండు అరుగులూ ఆమెకి అప్పజెప్పి వెళ్ళింది. ఓపా మొహంలో రంగు పోయింది. సనోబర్‌కి ఆ మొహం చూడటం చోటు పోవడం కంటే కష్టంగా అనిపించింది.

చంటిది మళ్ళీ దగ్గింది. ఆ దగ్గుకి తల తిప్పిన సనోబర్ చూపు, బండిని దాటి, వరుస చివర మీద పడింది. తోజిఖాన్ పాత చోటు. గేటు నుంచి వచ్చేవాళ్ళకి మొదట తగిలే చోటు. ఊడ్చి, నీళ్ళు చల్లి, ఎవరికోసమో శుభ్రం చేసి ఉంది. ఒక్క బస్తా కూడా లేదు.

ఓపా ఎలా చూస్తుందో అలా చూడటానికి ప్రయత్నించింది సనోబర్. ఒకటే ప్రశ్న: ఇక్కడ ఖాళీగా ఉన్నదేమిటి, అది ఎవరికి కావాలి?

గోడ దగ్గరికి వెళ్ళింది. ఒక బస్తాని చెవులు పట్టుకుని ఈడ్చింది. బరువుకి నడుము కలుక్కుమంది. ఎవరూ సాయం రాలేదు, ఏం చేస్తోందో ఎవరికీ అర్థం కాలేదు. చివరి అరుగు మీదికి దొర్లించి, మూతి విప్పి, దాని వెనకాల కూర్చుంది.

"ఏయ్ కోడలా, అది నా చోటు," అంది తోజిఖాన్.

"మీరు అక్కడ కూర్చున్నారు కదా తోజిఖాన్ ఓపా. రెండు చోట్ల కూర్చునే మనిషి ఈ వరుసలో ఎవరున్నారు? వరుసలో మనిషి వరుసలో జరిగితే ఎవర్నీ అడగక్కర్లేదన్నారు. నేనూ జరిగాను."

"నువ్వు వరుసలో మనిషివా? నీకింకా పేరే మారలేదు."

సనోబర్ హోసియత్ ఓపావైపు చూసింది. అందరూ అటే చూశారు. ముకద్దస్ కూడా చూసింది, ఇన్నేళ్ళు తనతో గొంతు కలిపి అరిచిన మనిషివైపు.

ఓపా తలగుడ్డ ముడి బిగించుకుంది. "వరుసలో మనిషే," అంది. "నేనెరిగిన మనిషే."

తోజిఖాన్ ఏదో అనబోయింది. ఆ లోపల గేటువైపు నుంచి ఇంకో తోపుడుబండి చక్రాల చప్పుడు వినబడింది. ఇద్దరు కూలీలు, బండి నిండా ఆకుపచ్చ సంచులు, ముందు షావ్కత్. హుషారుగా వచ్చినవాడు చివరి అరుగు ముందు ఆగిపోయాడు. సనోబర్‌ని చూశాడు, ఆమె బస్తాని చూశాడు. చుట్టూ ఇంతమంది నిశ్శబ్దంగా ఎందుకు నిలబడ్డారో అతనికి తట్టలేదు.

"తోజిఖాన్, ఈవిడ ఇక్కడేం చేస్తోంది?" అన్నాడు. "రెండు చోట్లూ మనవే అయిపోయాయన్నావు కదా."

మనవే. ఆ మాట వరుస ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళింది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేతుల్లో ఉన్న పళ్ళేలు కింద పెట్టి లేచి నిలబడ్డారు. తోపుడుబండి మీద ముకద్దస్, చంటిదాన్ని ఒళ్ళో సర్దుకుని, ఆ పొద్దున తను చెయ్యి కలిపిన మనిషివైపు నెమ్మదిగా తల తిప్పింది.